ఆశ్వయుజపు ముల్లంగి, కార్తీకపు గోబీ

ఢిల్లీ నుంచి నైరుతి రుతుపవనాలు వెనుదిరిగే సాధారణ తేదీ సెప్టెంబరు 25. ఆ తర్వాత ఎనిమిది పది వారాల్లో అక్కడి వేడి తగ్గినంత వేగంగా తెలుగునేల మీద ఎక్కడా తగ్గదు. ఢిల్లీలో అక్టోబరు సగటు పగటి ఉష్ణోగ్రత దాదాపు 33 డిగ్రీల సెల్సియస్, రాత్రిది 19. నవంబరుకు అవి 28కి, 13కి చేరతాయి. డిసెంబరు రాత్రుల సగటు ఎనిమిది డిగ్రీల దగ్గర ఉంటుంది. మే నెల వడగాలికీ జనవరి పొగమంచుకీ పేరుపడ్డ ఈ నగరంలోనూ, దాన్ని చుట్టుకున్న నోయిడా, గురుగ్రామ్, ఘాజియాబాద్, ఫరీదాబాద్‌లలోనూ మనిషికీ పంటకీ హాయినిచ్చే కాలం ఇదే. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఇలాంటిదే ఇంకొకటి వస్తుంది కానీ అది ఎండల వైపు నడుస్తుంది. శరత్తు చలి వైపు నడుస్తుంది. వంటింటికి ఈ తేడా చాలా పెద్దది.

ఎందుకంటే ఉష్ణోగ్రత మెట్టుమెట్టుగా దిగుతున్నకొద్దీ కూరగాయల లోపలి రసాయనం మారుతుంది. అక్టోబరులో కొన్న కాలీఫ్లవర్‌కీ డిసెంబరులో కొన్నదానికీ పేరు ఒక్కటే. రకం వేరు, అల్లిక వేరు, వాసన వేరు, మూకుట్లో అది ప్రవర్తించే తీరు వేరు. ముల్లంగి, బంగాళాదుంప, క్యారెట్ల సంగతీ అంతే. వంట పుస్తకాలు ‘ఒక కాలీఫ్లవర్’ అని రాసి ఊరుకుంటాయి. ఏ నెలదో చెప్పకపోతే ఢిల్లీలో అది సగం సమాచారమే.

కాలీఫ్లవర్ పుట్టుకతో చల్లని ప్రాంతపు మొక్క. 1822లో ఇంగ్లండు నుంచి దాని విత్తనాలు సహారన్‌పూర్‌లోని ఈస్టిండియా కంపెనీ తోటకు వచ్చాయని, డాక్టర్ జెమ్సన్ వాటిని తెచ్చాడని ఉద్యానశాస్త్ర గ్రంథాలు నమోదు చేశాయి. మనం పువ్వు అని పిలిచేది నిజానికి పువ్వు కాదు. పూలుగా మారబోయి ఆగిపోయిన లేత మొగ్గల రాశి. ప్రతి మొగ్గా పువ్వు కాబోతుంది, కాలేక మళ్లీ కాండంగా మారబోతుంది, అదీ కాలేక మరిన్ని మొగ్గలు వేస్తుంది. పూతను నడిపే జన్యువుల మధ్య తలెత్తిన ఈ తడబాటే గోపురం మీద గోపురం లేచే ఆ ఆకారానికి కారణమని ఫ్రాన్సు పరిశోధకులు 2021లో ‘సైన్స్’ పత్రికలో వివరించారు.

ఈ మొగ్గల రాశి ఏర్పడాలంటే మొక్కకు తగినంత చల్లదనం తగలాలి. ఐరోపా రకాలకు అది 10 నుంచి 16 డిగ్రీలు. ఉత్తర భారత రైతులు తరతరాలుగా వేడికి తట్టుకున్న మొక్కల విత్తనాలనే దాచుకుంటూ వచ్చారు. అలా 20 నుంచి 27 డిగ్రీల మధ్య కూడా గడ్డకట్టే దేశీ రకాలు తయారయ్యాయి. వాటికి రైతులు నెలల పేర్లే పెట్టారు: ఆశ్వయుజంలో వచ్చేది కువారీ, కార్తీకంలో కాతకీ, మార్గశిరంలో అగహనీ, పుష్యంలో పూసీ, మాఘంలో మాఘీ. ఉత్తరాదిన పౌర్ణమితో నెల ముగుస్తుంది కాబట్టి వాళ్ల కార్తీకం తెలుగువారి కార్తీకం కన్నా పదిహేను రోజులు ముందే మొదలవుతుంది. దీపావళి మనకు ఆశ్వయుజ అమావాస్య అయితే వాళ్లకు కార్తీక అమావాస్య. కాతకీ గోబీ దీపావళికి ముందే బజారుకు రావడంలో వింత లేదు.

ఈ దేశీ సంపదను శాస్త్రీయంగా మెరుగుపరిచింది భారత వ్యవసాయ పరిశోధన సంస్థ. బీహారులోని పూసాలో మొదలైన ఆ సంస్థ 1934 భూకంపంలో దెబ్బతిని 1936లో ఢిల్లీకి తరలింది; ఊరి పేరు మాత్రం వెంట తెచ్చుకుంది. అక్కడి నుంచి వచ్చిన పూసా మేఘనా, పూసా కాతకీ, పూసా శరద్ రకాలు సెప్టెంబరు నుంచి డిసెంబరు వరకు ఒకదాని తర్వాత ఒకటి కోతకు వస్తాయి. వాతావరణం అటూఇటూ అయితే గడ్డ మధ్యలో ఆకులు పొడుచుకొస్తాయి, లేదా మొగ్గలు విడివడి గడ్డ పైభాగం నూగుగా తయారవుతుంది. దాన్ని పురుగుమందు ప్రభావమనో కల్తీ అనో అనుకునేవాళ్లున్నారు. అది ఉష్ణోగ్రత చేసిన పని.

అక్టోబరు గడ్డ చిన్నది, కాస్త పసుపు తిరిగి, వదులుగా ఉంటుంది. దాని ఘాటు ఎక్కువ. వదులు అల్లికలోకి నూనె, మసాలా సులువుగా చేరతాయి కాబట్టి అది వేపుడుకూ బంగాళాదుంపతో కలిపి చేసే పొడికూరకూ బాగా నప్పుతుంది. ఎక్కువసేపు ఉడికిస్తే మాత్రం చెడుతుంది: ఈ కుటుంబపు కూరగాయల్లోని గంధక సమ్మేళనాలు వేడికి విడిపోయి హైడ్రోజన్ సల్ఫైడ్ వంటి వాయువులు పుడతాయి, ఉడికేకొద్దీ అవి పెరుగుతాయి. మూత తీసి, పెద్ద మంట మీద, తక్కువ సమయంలో ముగించడమే మేలు. ఈ నెలల గడ్డల్లో డైమండ్‌బ్యాక్ చిమ్మెట గొంగళిపురుగులు దాక్కోవడమూ ఎక్కువే. ఉప్పు, పసుపు కలిపిన గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ఉంచే అలవాటు అందుకే వచ్చింది.

డిసెంబరులో వచ్చే తెల్లటి, బిగుతైన గడ్డ ఢిల్లీ తెలుగు ఇళ్లలో ఆవకాయకు పనికొస్తుంది. కాలీఫ్లవర్ ఆవకాయలో మామిడికాయ పులుపు ఉండదు కాబట్టి నిమ్మరసం ఆ పని చేయాలి. ఊరగాయ నిలవ ఉండటానికి ఆమ్లత్వం ముఖ్యం. పీహెచ్ విలువ 4.6 కన్నా దిగువన ఉంటే ప్రమాదకరమైన బొటులినమ్ బాక్టీరియా పెరగదు. ముక్కలను గుడ్డ మీద ఆరబెట్టడం, ఉప్పు వేయడం మిగిలిన సూక్ష్మజీవులకు నీరు అందకుండా చేస్తాయి. ఆవపిండి ఘాటు బూజును అడ్డుకుంటుంది. ఆవ, కాలీఫ్లవర్, ముల్లంగి మూడూ ఒకే కుటుంబం మొక్కలు. ఆ ఘాటు వెనక ఉన్న యంత్రాంగం కూడా ఒకటే.

ఆ యంత్రాంగం ముల్లంగిలో అన్నిటికన్నా స్పష్టంగా తెలుస్తుంది. ముల్లంగి కణాల్లో గ్లూకోసినొలేట్లు ఒక అరలో, మైరోసినేజ్ అనే ఎంజైము మరో అరలో విడివిడిగా ఉంటాయి. దుంప కోసినా తురిమినా నమిలినా అరలు పగిలి రెండూ కలుస్తాయి. ఐసోథయోసయనేట్లు అనే ఘాటు పదార్థాలు అప్పటికప్పుడు పుడతాయి. పురుగుల నుంచి కాపాడుకోవడానికి మొక్క పెట్టుకున్న ఏర్పాటు అది. వేడిలో, నీటి ఎద్దడిలో పెరిగిన దుంపకు ఈ ఘాటు ఎక్కువ, త్వరగా బెండు కూడా పడుతుంది. రాత్రులు చల్లబడ్డాక దుంప నిదానంగా ఊరి, నీరు పట్టి, మెత్తని తీపి తేలుతుంది. అందువల్ల ఆశ్వయుజంలో వచ్చే ముల్లంగిని పరాఠాలో పెట్టేవాళ్లు తురిమి, ఉప్పు చల్లి, పిండేస్తారు. ఉప్పు కణాల్లోని నీటిని బయటికి లాగుతుంది, ఆ నీటితో ఘాటులో కొంత పోతుంది, పరాఠా చిరగదు. పిండిన నీటిని పారబోయకుండా గోధుమపిండి కలపడానికి వాడితే రుచి మళ్లీ లోపలికే చేరుతుంది. సాంబారులో వేసే ముల్లంగి సంగతి వేరు: పెద్ద చక్రాలుగా కోసి నేరుగా మరిగే పులుసులో వేస్తే ఎంజైము వేడికి చచ్చిపోతుంది, కొత్త ఘాటు పుట్టదు. ఘాటు కావాలనుకుంటే సన్నగా తరిగి పది నిమిషాలు ఆగి వండాలి.

పంజాబీ ఇళ్ల సరసోం కా సాగ్ కూడా ఈ రసాయనం మీదే నిలుస్తుంది. లేత ఆవ ఆకు ఘాటును పాలకూర, బథువా తగ్గిస్తాయి. బథువా అంటే తెలుగు పొలాల గట్ల మీద మొలిచే చక్రవర్తి కూరే. ఆ రెంటిలోనూ ఆక్సాలిక్ ఆమ్లం ఎక్కువ. ఉడికించి నీరు వంపేస్తే అందులో కొంత పోతుంది. పెరుగులో కలిపి రాయతా చేస్తే కాల్షియం ఆక్సాలేటును పేగులోనే పట్టేసుకుంటుంది. మూత్రపిండాల దాకా చేరేది తగ్గుతుంది. సాగ్‌కు అసలు కాలం నవంబరు సగం దాటాకే. అక్టోబరు హోటళ్లలో దొరికేది పేరుకు సాగ్.

శరన్నవరాత్రుల్లో ఢిల్లీ వంటిల్లు తొమ్మిది రోజుల పాటు ధాన్యాన్ని పక్కనబెడుతుంది. వరి, గోధుమ ఉండవు. కుట్టు పిండి, సింఘాడా పిండి, శామక్ బియ్యం, చామదుంప, సైంధవ లవణం వాటి స్థానంలోకి వస్తాయి. కుట్టు గడ్డిజాతి ధాన్యం కాదు, వేరే కుటుంబపు మొక్క గింజ. సింఘాడా చెరువుల్లో తేలే తీగకు కాసే కొమ్ముల కాయ. చైనా వంటల్లో కనిపించే నీటి దుంపకూ దీనికీ చుట్టరికం లేదు. వానాకాలం మొదట్లో చెరువుల్లో నాటిన తీగలు శరత్తులో కాపుకొస్తాయి. పచ్చికాయలు తోపుడుబండ్ల మీద, ఉడికించి నల్లబడ్డవి బుట్టల్లో దొరుకుతాయి.

ఈ పిండ్లలో గ్లూటెన్ లేదు. గోధుమపిండిలా సాగే వల కట్టదు కాబట్టి పూరీ అంచులు చిట్లుతాయి. ఉడికించి చిదిమిన చామదుంపనో బంగాళాదుంపనో అందులో కలపడం ఉపవాసపు నియమం కాదు, పిండిపదార్థపు భౌతికశాస్త్రం: ఉడికిన దుంపలోని పిండి నీరు పీల్చి జిగురుగా మారి ఉంటుంది, అదే ముద్దను పట్టి ఉంచుతుంది. కుట్టు పిండి విషయంలో ఒక జాగ్రత్త అవసరం. నిరుటి సరుకు వానల తేమకు బూజు పట్టి, నూనె పాతబడి ఉండవచ్చు. కుట్టు పూరీలు తిని జనం ఆస్పత్రుల పాలైన వార్తలు ఢిల్లీ పరిసరాల్లో పలుమార్లు వచ్చాయి. గింజలు కొని అప్పటికప్పుడు ఆడించుకోవడమే సురక్షితం. పచ్చి సింఘాడాకు ఇంకో ప్రమాదం ఉంది. ఫాసియోలాప్సిస్ బస్కీ అనే పెద్ద పేగు పురుగు డింభకాలు నీటిమొక్కల పైన గూళ్లు కట్టుకుంటాయి. కాయను పళ్లతో ఒలిచి తినేవాళ్ల కడుపులోకి అవి చేరతాయి. ఉత్తరప్రదేశ్, బీహారుల్లో ఈ వ్యాధి ఇప్పటికీ ఉంది. ఉడికిస్తే ఆ భయం ఉండదు.

చలి మొదలవగానే ఢిల్లీ వీధుల్లో బొగ్గుల మీద కాల్చిన చిలగడదుంప వస్తుంది. ముక్కలు కోసి, నిమ్మకాయ పిండి, చాట్ మసాలా చల్లి ఆకుదొన్నెలో ఇస్తారు. ఇంట్లో ప్రెషర్ కుక్కర్‌లో ఉడికించిన దుంప అంత తియ్యగా ఉండదు. లోపం దుంపది కాదు, వేగానిది. చిలగడదుంపలో బీటా అమైలేజ్ అనే ఎంజైము పుష్కలంగా ఉంటుంది. అది పిండిపదార్థాన్ని మాల్టోజ్ అనే చక్కెరగా కోస్తుంది. అయితే పచ్చి పిండి గింజల్లోకి అది చొరబడలేదు. దాదాపు 65 డిగ్రీల దగ్గర పిండి ఉబ్బి మెత్తబడ్డాకే దానికి దారి దొరుకుతుంది. 80 డిగ్రీలకు అటూఇటూ ఎంజైమే నశిస్తుంది. ఆ మధ్యలో ఉన్న ఇరుకు సందులో దుంప ఎంతసేపు ఉంటే అంత తీపి. కుక్కర్, మైక్రోవేవ్ నిమిషాల్లో ఆ సందును దాటించేస్తాయి. బూడిద కప్పిన నిప్పుల మీద దుంప గంటసేపు మగ్గుతుంది. పైగా నీరు ఆవిరై చక్కెర చిక్కబడుతుంది, తొక్క కింద ఎర్రగా కాలి సువాసన పుడుతుంది. ఇంటి ఓవెన్‌లోనైనా తక్కువ వేడితో మొదలుపెట్టి చివర్లో పెంచితే ఇదే ఫలితం వస్తుంది.

ఈ దొన్నెలో చాలామంది కమ్రఖ్ ముక్కలు కూడా వేస్తారు. అడ్డంగా కోస్తే నక్షత్రంలా కనిపించే ఆ పుల్లకాయ రుచికి అద్భుతం, మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్లకు విషం. అందులోని కారంబాక్సిన్ అనే విషాన్ని ఆరోగ్యవంతుల మూత్రపిండాలు వడకట్టేస్తాయి. జబ్బుపడ్డవి వడకట్టలేవు, అది మెదడుకు చేరి ఎక్కిళ్లు, అయోమయం, మూర్ఛ తెస్తుంది. ఇక బొగ్గుల సంగతి. గాలి నాణ్యత సూచీ 200 దాటితే ఢిల్లీ ఎన్‌సీఆర్‌లో హోటళ్లు, దాబాలు, వీధి తినుబండారాల దుకాణాల తందూరుల్లో బొగ్గు, కట్టెలు వాడకూడదని కాలుష్య నియంత్రణ ప్రణాళిక తొలి దశ నిబంధన చెబుతుంది. చిలగడదుంప కాలమూ పొగ కాలమూ ఒకటే కావడం ఈ నగరపు దురదృష్టం.

బంగాళాదుంప విషయంలో శరత్తు ఒక సంధికాలం. మైదానాల్లో ఫిబ్రవరి, మార్చి నెలల్లో తవ్విన పంట ఆగ్రా, ఫరూఖాబాద్ వంటి చోట్ల శీతల గిడ్డంగుల్లో ఏడెనిమిది నెలలు నిలవ ఉంటుంది. చలికి దుంపలోని పిండి కొంత గ్లూకోజ్, ఫ్రక్టోజ్‌లుగా మారుతుంది. అక్టోబరులో కొన్న పాత దుంప అందుకే తియ్యగా తగులుతుంది, వేయిస్తే లోపల ఉడికేలోపే పైన నల్లబడుతుంది. ఆ చక్కెరలు ఆస్పరజీన్ అనే అమైనో ఆమ్లంతో కలిసి 120 డిగ్రీలు దాటిన నూనెలో హానికరమని భావించే ఆక్రిలమైడ్‌గా మారతాయి; వేయించిన దుంపల్లో అది ఉంటుందని 2002లో స్వీడన్ శాస్త్రవేత్తలు చూపించారు. ఇలాంటి దుంపలను ఒకటి రెండు వారాలు గది ఉష్ణోగ్రతలో చీకట్లో ఉంచితే చక్కెరలో కొంత తిరిగి పిండి అవుతుంది. చిప్స్ పరిశ్రమ కోసం సిమ్లాలోని కేంద్ర బంగాళాదుంప పరిశోధన సంస్థ ఈ చక్కెరలు తక్కువగా ఉండే కుఫ్రీ చిప్సోనా రకాలను తయారుచేసింది. నవంబరులో తొక్క చేత్తోనే ఊడివచ్చే కొత్త దుంప దిగుతుంది. దానిలో నీరెక్కువ, పిండి తక్కువ. ముక్క విరగకుండా నిలవాల్సిన ఆలూ మెంతికూరకు, కుర్మాకు అదే సరి. ఆలూ పరాఠాకూ బోండాకూ మాత్రం పాత దుంపే నయం.

కార్తీకంలో ఉసిరి ఉత్తరాదికీ తెలుగువారికీ ఉమ్మడి. వాళ్లు శుద్ధ నవమినాడు ఆవలా నవమి అని ఉసిరిచెట్టును పూజిస్తారు. ఢిల్లీ తెలుగు కుటుంబాలు ఏదో ఒక పార్కులో వనభోజనాలు పెట్టుకుంటాయి. బజారులోకి వచ్చే కాయల్లో ఉత్తరప్రదేశ్‌లోని ప్రతాప్‌గఢ్‌వి పేరున్నవి. ఉసిరిలో నారింజ కన్నా విటమిన్ సీ ఎన్నో రెట్లు ఎక్కువ. వగరునిచ్చే టానిన్లూ ఎక్కువే. ఇనుప కత్తితో కోసినా, ఇనుప మూకుట్లో మగ్గించినా కాయ నల్లబడటం టానిన్లు ఇనుముతో కలవడం వల్ల జరుగుతుంది. రంగు మారకూడదంటే స్టీలు, గాజు, జాడీ వాడాలి.

చలి కూరగాయలనే కాదు, పిండి పులియడాన్నీ మార్చేస్తుంది. ఇడ్లీ పిండిని మొదట పొంగించేవి ల్యూకోనోస్టాక్ బాక్టీరియాలు. వాటికి 30 డిగ్రీల దాకా వేడి ఇష్టం. అక్టోబరు మొదట్లో రాత్రి రుబ్బి పెట్టిన పిండి తెల్లవారేసరికి పొంగుతుంది. నవంబరు చివరికి అదే పిండికి పగలు కూడా కావాలి. మినప్పప్పు వాటా కొంచెం పెంచడం, గోరువెచ్చని నీటితో రుబ్బడం, ఉప్పు చివర్లో వేయడం, లోపలి లైటు వెలిగించిన ఓవెన్‌లో గిన్నె పెట్టడం అక్కడి తెలుగు ఇళ్ల ఉపాయాలు.

ఇన్ని లెక్కలనూ తారుమారు చేసేది ఢిల్లీలోని ఆజాద్‌పూర్ మండీ. 1977లో మొదలైన ఆ హోల్‌సేల్ మార్కెట్‌కు హిమాచల్ కొండల నుంచి వేసవిలోనూ వర్షాకాలంలోనూ చల్లని నేల పంట దిగుతుంది. సెప్టెంబరులో మంచులా తెల్లటి కాలీఫ్లవర్ కనిపిస్తే అది ఢిల్లీ చుట్టుపక్కలది కాదు, కొండది. కొండ బఠాణీ కూడా అప్పుడే వస్తుంది. అయితే కోసిన గంటల నుంచే గింజలోని చక్కెర పిండిగా మారడం మొదలవుతుంది కాబట్టి ఒకటి రెండు రోజుల లారీ ప్రయాణం తర్వాత దానిలో తీపి మిగలదు. స్థానిక బఠాణీ కోసం డిసెంబరు దాకా ఆగడంలో అర్థముంది.

స్థానికమైనదంతా మంచిదని కూడా అనుకోకూడదు. యమున వరదమైదానంలో పండే ఆకుకూరలు సీసం, కాడ్మియం వంటి లోహాలను మురుగునీటి నుంచి పీల్చుకుంటాయి. జాతీయ హరిత ట్రిబ్యునల్ 2015లో ఆ మైదానంలో తినే పంటలు వేయకూడదని ఆదేశించింది. సాగు పూర్తిగా ఆగలేదు. ఉప్పునీటితో కడిగితే మట్టి, పురుగు పోతాయి. ఆకు లోపలికి చేరిన లోహం పోదు.

నవంబరు దాటుతుండగా ఎర్ర క్యారెట్ వస్తుంది. క్యారెట్‌కు రంగు బాగా పట్టేది 15 నుంచి 20 డిగ్రీల మధ్య. ముందుగా వేసిన పంట పాలిపోయి ఉండటానికి కారణం అదే. ఏడాదంతా దొరికే నారింజ రంగు క్యారెట్‌లో బీటా కెరోటిన్ ప్రధానం. దేశీ ఎర్ర రకాల్లో టమాటాలో ఉండే లైకోపీన్ ఎక్కువ. పూసా రుధిర అలాంటి రకమే. పూసా అసిత నల్లటిది, దాని రంగు నీటిలో కరిగే ఆంథోసయనిన్లది. అందుకే నల్ల క్యారెట్‌తో ఆవపిండి వేసి పులియబెట్టే కాంజీ ముదురు ఊదా రంగుకు తిరుగుతుంది. లైకోపీన్ నీటిలో కరగదు, కొవ్వులో కరుగుతుంది. పాలలో మగ్గించి నేతిలో వేయించే గాజర్ హల్వాలో అది కణాల గోడల నుంచి విడుదలై నేతిలోకి చేరుతుంది. గిన్నె అంచున తేలే నెయ్యి నారింజ రంగులో ఉండటం అందుకే. అక్టోబరు క్యారెట్‌తో హల్వా చేస్తే ఆ రంగు రాదు, చక్కెర ఎక్కువ పోయాల్సి వస్తుంది.